పాత బ్యాంకు స్ట్రాంగ్‌రూమ్‌లో ఫైళ్ళకి బూజు

స్ట్రాంగ్‌రూమ్‌ని రికార్డ్ రూమ్ చేశాక ఫైళ్ళకి బూజు పడుతోందన్నారు కదా, చాలావరకు అది లీకేజీ కాదండీ, గాలి ఆడకపోవడమే. ఆరువైపులా మందపాటి కాంక్రీటు, కిటికీ ఉండదు, గోడలు చల్లగా ఉంటాయి, తేమ గాలి లోపలికొచ్చి వాటి మీదే నీరవుతుంది.

తడి గోడలోంచా, గాలిలోంచా అని తేల్చే టెస్టుంది, అందరూ వదిలేసేది అదే:

1. ప్లాస్టిక్ షీట్ ఒకటి గోడకి నాలుగంచులా టేపుతో గట్టిగా అంటించి 48 గంటలు వదిలేయండి.
2. షీట్ వెనక తడి ఉంటే గోడలోంచి వస్తున్నట్టే, వాటర్‌ప్రూఫింగ్ చూడాలి. షీట్ ముందువైపు, అంటే గది వైపు, తడి ఉంటే గాలిలో తేమ, డీహ్యూమిడిఫయర్ (గాలిలో తేమ లాగే మెషీన్) పెట్టి తలుపు మూసే ఉంచండి, ఆరాలని తెరిచిపెడితే బయటి తేమ గాలి లోపలికొచ్చి ఇంకా పెరుగుద్ది.
3. బీరువాలు గోడకి ఆనించొద్దు.

వెంట్ కోసం మీరే డ్రిల్ చేయొద్దు, లోపల కడ్డీలు దట్టంగా ఉంటాయి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. తలుపు లాక్ బోల్టులు మాత్రం ముందే తీయించేయండి, మనిషి లోపలుండగా లాక్ పడితే ప్రాణాల మీదకొస్తుంది.