మొదటికి బటన్, పెద్దమ్మ గేదె, రెట్టింపయిన పాలు

ప్రశ్న: "యాప్ ఇన్వెంటర్‌లో మా మండలంలోని 14 గుళ్ల వివరాలతో యాప్ చేస్తున్నాను. ఒక్కో గుడికి ఒక్కో స్క్రీన్ పెట్టాను. బటన్లతో వీటన్నింటినీ ఎలా కలపాలి?"

యాప్ ఇన్వెంటర్ అంటే కోడ్ రాయకుండా, 'బ్లాకులు' అనే ముక్కలు అతికించి ఫోను యాప్‌లు చేసుకునే సాధనం. అడిగినంత వరకే చెప్పాలంటే రెండు ముక్కలు చాలు. బ్లాకుల వైపు వెళ్లి, కంట్రోల్ అరలోంచి 'ఓపెన్ అనదర్ స్క్రీన్' బ్లాకు లాగి, బటన్ క్లిక్ బ్లాకులో ఇరికించి, వెళ్లాల్సిన స్క్రీన్ పేరు అక్షరం తేడా లేకుండా తగిలించండి. అంతే. ఏ వీడియో తెరిచినా ఇదే చెబుతారు. అదీ ఐదు నిమిషాలు గంట గుర్తు నొక్కమని బతిమాలాక. వెళ్లడం అందరూ నేర్పుతారు. తిరిగి రావడం ఒక్కరూ నేర్పరు. నా బాధంతా దాని గురించే.

మా బాబాయి ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున్న ఐదున్నరకే క్యాన్లు పట్టుకుని జనం వరుస కడతారు. పాలు కొలవడం, వెన్న శాతం చూడడం, పుస్తకంలో రాయడం, పదిహేను రోజులకోసారి బిల్లు కట్టి డబ్బులివ్వడం. పుస్తకం పని పిన్నిది. నాలుగేళ్ల క్రితం సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను ఊరుకోకుండా, "ఈ రోజుల్లో ఇంకా పుస్తకమేమిటి బాబాయ్, యాప్ చేసిస్తాను" అన్నాను. కోడ్ రాయడం నాకు రాదు. యాప్ ఇన్వెంటర్‌లో ముక్కలు అతికించడం మాత్రం వచ్చు. మూడు రాత్రుళ్లు కూర్చుని ముగించాను.

మొదటి స్క్రీన్‌లో 32 మంది రైతుల పేర్లు. పేరు నొక్కితే రెండో స్క్రీన్. అందులో లీటర్లు, వెన్న శాతం, 'నమోదు' బటన్, కింద 'మొదటికి' అని ఇంకో బటన్. నమోదు చేశాక సరిచూసుకోవడానికి వీలుగా అంకెలు చెరపకుండా అలాగే ఉంచాను. తెలివైన పని అనుకున్నాను. 'మొదటికి' బటన్‌లో ఏ బ్లాకు పెట్టాను? మీరు పెట్టబోయేదే. 'ఓపెన్ అనదర్ స్క్రీన్', పేరు స్క్రీన్1. రెండు ఎంట్రీలు వేసి చూశాను, బ్రహ్మాండంగా ఉంది. బాబాయి ఫోనులో ఎక్కించి హైదరాబాదు బస్సెక్కాను.

పదిహేను రోజులకు బిల్లులు కట్టారు. మా వీధి చివర ఉండే పెద్దమ్మ డబ్బులు లెక్కపెట్టుకుని, మళ్లీ లెక్కపెట్టుకుని, "నాకున్నది ఒక్క గేదే కదయ్యా, పూటకు ఎనిమిది లీటర్లు ఎప్పుడిచ్చింది?" అని అడిగిందట. పిన్ని లోపలికెళ్లి తన పాత పుస్తకం తెచ్చింది. నా యాప్ మీద నమ్మకం లేక పక్కన రాస్తూనే ఉందని అప్పుడే బయటపడింది! పుస్తకంలో 4 లీటర్లు, యాప్‌లో అదే పూట 4 ఒకసారి, 4 ఇంకోసారి. ఆమె ఒక్కతే కాదు, ఇంకా చాలామందికి అలాగే ఉంది. రెట్టింపు పడినవాళ్లలో పెద్దమ్మ తప్ప ఎవరూ నోరు విప్పలేదన్నది వేరే విషయం.

ఆ వారాంతం ఊరెళ్లి, పొద్దున్నే క్యాన్ల పక్కన ముక్కాలి పీట వేసుకుని బాబాయి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. పాలతో తడిసిన వేలు. తువ్వాలుకు తుడుచుకుంటాడు, పేరు నొక్కుతాడు, అంకెలు వేస్తాడు, నమోదు, మొదటికి. మళ్లీ తువ్వాలు. పాతికో రైతు వచ్చేసరికి ఫోను నత్తనడక పట్టింది. అందరూ వెళ్లిపోయాక యాప్ మూయడానికి ఫోను అడుగున ఉన్న త్రికోణం, అంటే వెనక్కి బటన్ నొక్కాడు. యాప్ మూసుకోలేదు. ఆఖరి రైతు పేజీ వచ్చింది, అంకెలతో సహా. "చూశావా, ఇది ఎక్కలేదు. రోజూ ఇంతే" అని నమోదు నొక్కాడు. మళ్లీ త్రికోణం, పేర్ల జాబితా. మళ్లీ త్రికోణం, అంతకు ముందు రైతు. పాపం, ఎవరికీ అన్యాయం జరగకూడదని ఒక్కొక్కరికీ శ్రద్ధగా మళ్లీ నమోదు నొక్కుతున్నాడు. ఓపిక పోయిన రోజు సగంలో ఆపేసేవాడట. అందుకే కొందరికే రెట్టింపయింది.

జరిగింది ఇది. 'ఓపెన్' అంటే ఉన్న స్క్రీన్ దగ్గరికి వెళ్లడం కాదు, దాని మీద కొత్తది పరచడం. ఇస్తరాకు మీద ఇస్తరాకు వేసినట్టు. నా 'మొదటికి' బటన్ నొక్కినప్పుడల్లా పాత మొదటి స్క్రీన్ ఎక్కడో అడుగునే ఉండిపోతుంది, పైన ఇంకో మొదటి స్క్రీన్ పుడుతుంది. 32 మంది రైతులకు 64 ఆకులు. త్రికోణం నొక్కితే పై ఆకు తొలగి, కిందిది ఎంగిలితో సహా కనిపిస్తుంది.

దిద్దుబాటుకు పట్టింది ఐదు నిమిషాలు. 'మొదటికి' బటన్‌లో ఓపెన్ తీసేసి 'క్లోజ్ స్క్రీన్' పెట్టాను. ఉన్నదాన్ని మూస్తే అడుగున ఉన్నది దానంతట అదే బయటపడుతుంది. మూసేటప్పుడు ఏదైనా కబురు వెనక్కి పంపాలంటే 'క్లోజ్ స్క్రీన్ విత్ వాల్యూ' ఉంది. అది మొదటి స్క్రీన్‌లోని 'అదర్ స్క్రీన్ క్లోజ్డ్' బ్లాకుకు అందుతుంది. అలా నమోదైన రైతు పేరు పక్కన టిక్కు పడేలా చేశాను. మొదటి స్క్రీన్‌లో 'బ్యాక్ ప్రెస్డ్' బ్లాకు పెట్టి, మూసేయమంటారా అని అడిగించాను. ఒకే పూట ఒకే రైతుకు రెండు ఎంట్రీలు పడకుండా అడ్డుకోవాల్సిన బాధ్యత కూడా నాదే కదా అంటారేమో. నాదే. అదీ చేశాను, ఆలస్యంగా.

ఇది ఒక్క యాప్ ఇన్వెంటర్ సంగతే అనుకోకండి. కోడ్ రాసేవాళ్లు ఆండ్రాయిడ్ యాప్‌లు చేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో స్క్రీన్ల మధ్య బాణాలు గీసే ఎడిటర్ ఉంది. అక్కడా తిరుగు బాణం గీసి ఊరుకుంటే ఇదే గోల. 'పాప్ అప్ టు' పెడితేనే పాతవి తొలగుతాయి. ఐఫోన్ యాప్‌లకు ఇలాగే స్క్రీన్లను బాణాలతో కలిపే స్టోరీబోర్డు 2011లో వచ్చింది. వెనక్కి రావడానికంటూ 'అన్‌వైండ్ సెగ్వే' మరుసటి ఏడాది గాని రాలేదు. బాణం ఎంత ముద్దుగా కనిపిస్తుందంటే, అటూ ఇటూ ఒకటే అనిపిస్తుంది. కాదు.

ఇక మీ 14 గుళ్లు. దయచేసి 14 స్క్రీన్లు వద్దు. పదికి మించితే మంచిది కాదని యాప్ ఇన్వెంటర్‌ను నడిపే అమెరికా విశ్వవిద్యాలయం ఎం.ఐ.టి. వారే చెబుతారు. అయినా గుడి మారితే మారేది బొమ్మ, పేరు, నాలుగు వాక్యాలే కదా? రెండు స్క్రీన్లు చాలు. జాబితాలో గుడి పేరు నొక్కగానే 'ఓపెన్ అనదర్ స్క్రీన్ విత్ స్టార్ట్ వాల్యూ'తో ఆ పేరును రెండో స్క్రీన్‌కు పంపండి. అక్కడ 'గెట్ స్టార్ట్ వాల్యూ'తో అందుకుని దానికి తగ్గ వివరాలు నింపండి. రేపు పదిహేనో గుడి గుర్తొచ్చినా జాబితాలో ఒక వరుస పెరుగుతుందంతే. స్క్రీన్లే వద్దనుకుంటే ఒకే స్క్రీన్‌లో రెండు వర్టికల్ అరేంజ్‌మెంట్లు (బొమ్మలు, బటన్లు ఒకదాని కింద ఒకటి పేర్చే పెట్టెలు) పెట్టి, ఒకటి చూపిస్తూ ఇంకోటి దాచవచ్చు. అప్పుడు వెనక్కి బటన్ పని మాత్రం మొత్తం మీ నెత్తినే పడుతుంది.

ఇంకో మాట. యాప్ ఇన్వెంటర్‌లో 'గ్లోబల్' అని ఒక వేరియబుల్, అంటే విలువ దాచుకునే డబ్బా ఉంటుంది. పేరు చూసి మోసపోకండి, దాని ప్రపంచం ఆ ఒక్క స్క్రీనే. రెండు స్క్రీన్లకూ తెలియాల్సింది ఉంటే, ఫోనులోనే సమాచారం భద్రపరిచే టైనీడీబీ అనే భాగంలో దాచండి. ఈ పేరు పెట్టినవారి మీద నాకు ఇప్పటికీ కోపమే, దానివల్ల ఒక రాత్రంతా పోయింది.

ఎడిటర్‌లో కనిపించే ఫోను బొమ్మను కూడా నమ్మకండి. బాబాయికి చత్వారం, ఫోనులో అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నాడు. నా దగ్గర ముచ్చటగా అమరిన 'నమోదు' బటన్ ఆయన తెర అడుక్కి జారిపోయి, పై అంచు మాత్రం కనిపించేది. ఆ అంచునే గోటితో నొక్కేవాడు, ఒక్క మాట కూడా అనలేదు. స్క్రీన్ లక్షణాల్లో 'స్క్రోలబుల్' టిక్కు పెట్టండి. గుళ్ల యాప్ అంటున్నారు, చూసేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ ఉంటారు.

మొన్న దసరాకు వెళ్లినప్పుడు చూశాను, పిన్ని పుస్తకం ఇంకా రాస్తూనే ఉంది. అడిగితే, "నీ యాప్ సరిగ్గా ఉందో లేదో చూడాలి కదరా" అంది.