లూప్‌లో లింకులు క్లిక్ చేస్తే సెలీనియం రెండోదానికే ఎందుకు ఆగిపోతుంది?

పేజీలోని లింకులన్నీ సెలీనియంతో (బ్రౌజర్‌ను కోడ్‌తో నడిపే టూల్) ఒక్కొక్కటిగా క్లిక్ చేస్తుంటే మొదటిది తెరుచుకుంటోంది, రెండోదానికి ఎర్రర్ వస్తోంది, ఏం చేయాలని అడిగారు. క్లిక్ చేయడం మానేయండి.

మొదటి లింకు నొక్కి వెనక్కి వచ్చేసరికి మామూలుగా ఆ పేజీ మళ్లీ లోడ్ అవుతుంది. మీ లిస్టులో ఉన్నవి పాత పేజీ ఎలిమెంట్లు. 'స్టేల్ ఎలిమెంట్' (పాతబడిన ఎలిమెంట్) అని ఎర్రర్ వచ్చేది అందుకే. ముందుగా హెచ్‌రెఫ్‌లన్నీ, అంటే లింకులు వెళ్లే అడ్రసులన్నీ తీసి లిస్టులో పెట్టుకోండి. అవి ఉత్త అక్షరాలు, పాతబడే ప్రశ్నే లేదు. ఆ తర్వాత ఒక్కో అడ్రసునూ అదే ట్యాబ్‌లో డ్రైవర్ గెట్‌తో తెరవండి.

అయితే దొరికిన ప్రతి లింకునూ తెరిచేయకండి. వేరే టీమ్ నుంచి మాకొక స్క్రిప్ట్ వచ్చింది. లాగిన్ అయ్యి, లోపలి లింకులన్నీ తెరిచి, పనిచేయనివి చెప్పడం దాని పని. రాత్రంతా నడిచేది, పొద్దున చూస్తే రిపోర్టు మొత్తం పచ్చగా ఉండేది. వాడేవాళ్లేమో ఫలానా పేజీ రావడం లేదని మొత్తుకునేవాళ్లు. మీ ఇంటర్నెట్ చూసుకోండి అని వాళ్లకు జవాబు వెళ్లేది! చివరికి మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, తెరిచిన ప్రతి పేజీ టైటిల్ ప్రింట్ చేయమని ఒక లైను కలిపింది. మొదట రకరకాల టైటిళ్లు వచ్చాయి. తర్వాత లాగిన్, లాగిన్, లాగిన్... కిందిదాకా అదే. మెనూలో ఉన్న లాగౌట్ లింకును కూడా స్క్రిప్ట్ బుద్ధిగా తెరిచింది మరి. సెలీనియం మామూలుగా స్టేటస్ కోడ్ (పేజీ దొరికిందో లేదో సర్వర్ చెప్పే నంబరు, దొరకకపోతే 404) చెప్పదు కాబట్టి, రాసినవాళ్లు పేజీలో '404' కనబడకపోతే పాస్ అని పెట్టారు. లాగిన్ పేజీలో 404 ఎందుకుంటుంది? అన్నీ పాస్. ఆ మెనూలో డిలీట్ లింకు లేకపోవడం మా అదృష్టం.

కాబట్టి లాగౌట్, డిలీట్, మెయిల్‌టూ (ఈమెయిల్ రాయడానికి తెరిచేవి), జావాస్క్రిప్ట్ లింకులు, రిపీట్ అయినవి ముందే ఏరేయండి.

ట్యాబులే కావాలంటే 2021లో వచ్చిన సెలీనియం 4లో న్యూ విండో కమాండ్ ఉంది. విండో హ్యాండిల్స్ (ఒక్కో ట్యాబ్‌కు ఉండే గుర్తులు) మాత్రం మీరు తెరిచిన వరుసలోనే వస్తాయని నమ్మకండి, వెబ్‌డ్రైవర్ స్టాండర్డ్‌లో ఆ హామీ లేదు. ట్యాబ్ మూశాక పాత ట్యాబ్‌కు స్విచ్ అవడం మరిచిపోకండి. యాభై ట్యాబులు ఒకేసారి తెరవడం వీడియోలో చూపించడానికి బాగుంటుంది. మెమరీ అయిపోతుంది, అవతలి సర్వర్ 429 (మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు) ఇచ్చి గెంటేస్తుంది.

అన్నట్టు, నెట్‌లో దొరికే జవాబుల్లో సగం పనికిరావు. 'ఫైండ్ ఎలిమెంట్స్ బై' అని మొదలయ్యే పాత పైథాన్ మెథడ్‌లు సెలీనియం 4.3లోనే తీసేశారు, జనం ఇంకా అవే కాపీ కొడుతున్నారు. ఏ సమస్యకైనా 'టైమ్ స్లీప్ 5' (ఐదు సెకన్లు ఊరికే ఆగు) పెట్టమనే సలహా మరీ ఘోరం. కావలసింది కనబడేదాకా మాత్రమే ఆగే వెబ్‌డ్రైవర్ వెయిట్ ఉన్నది దేనికి? కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే ప్లేరైట్ అనే ఇలాంటి టూల్ చూడండి. దాని లొకేటర్లు (ఎలిమెంట్‌ను ఎలా వెతకాలో చెప్పేవి) వాడిన ప్రతిసారీ ఎలిమెంట్‌ను మళ్లీ వెతుకుతాయి, పేజీ తెరిచే గోటూ కమాండ్ స్టేటస్ కోడ్ కూడా చేతికిస్తుంది.

ఇంతకీ మీకు కావలసింది రోజూ చూసే నాలుగు పేజీలు ఒకేసారి తెరుచుకోవడమేనా? అలాగైతే ఇవేవీ అక్కర్లేదు. పైథాన్‌తో పాటే వచ్చే వెబ్‌బ్రౌజర్ మాడ్యూల్‌తో రెండు లైన్లలో అయిపోతుంది.