రెండు రీళ్లూ ఒకే లెక్కలో నడవాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

బోటు వెనక ఎరలు లాగే నీ రెండు గాలపు రీళ్లలో, వదిలిన గాలపు దారం (లైను) పొడవు చూపే కౌంటర్లు రెండూ 30 మీటర్లే చూపిస్తున్నా, ఎరలు ఒకటే అయినా చేపలన్నీ ఒకవైపే పడుతున్నాయని రాశావు. దాన్ని అదృష్టం మీదకి నెట్టేయకు. చేప పడని రీలులో లైను చుట్టి ఉండే స్పూలు ఒకసారి చూడు. లైను అంచుదాకా ఉందా, బాగా కిందికి దిగిపోయిందా?

ఇలాంటి రీళ్లలో కౌంటర్ కొలిచేది లైనును కాదు, స్పూలు తిరిగిన చుట్లను. నిండు స్పూలు అడ్డకొలత 6 సెంటీమీటర్లు అనుకో, చుట్టుకు దాదాపు 19 సెంటీమీటర్ల లైను పోతుంది. తెగినవీ కోసేసినవీ పోగా ఆ కొలత 5కి దిగితే, చుట్టుకు 16 కూడా రాదు. కౌంటర్ 30 అంటున్నా నీళ్లలో ఉన్నది సుమారు 25 మీటర్లే. బోటు వెనక మునిగే ఎరకు ఆ తేడా చాలు, పైపైనే నడుస్తుంది. లైను మందం కూడా అంతే: సన్నదానికి నీటి ఒరిపిడి తక్కువ కాబట్టి ఎర ఇంకాస్త లోతుకు పోతుంది. అందుకే జంటగా వాడే రీళ్లు రెండూ ఒకే మోడల్, లైను ఒకే మందం, స్పూళ్లు ఒకేలా నిండుగా ఉండాలని నేను పట్టుబడతాను.

తగ్గిన లైనుకు పైన కొత్త ముక్క అతికించకు. ఉన్నదంతా విప్పి, అడుగున నైలాన్ లైను చేర్చి మళ్లీ చుట్టు. బ్రెయిడ్ (పోగులు అల్లిన లైను) అయితే ఆ నైలాన్ మరీ అవసరం, ఉత్త స్పూలు మీద అది గిర్రున జారిపోతుంది. చుట్టేటప్పుడు తడిగుడ్డలో లైను పట్టుకుని బిగువుగా చుట్టు. వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై వరస కింది వరసల్లోకి దూరి ఇరుక్కుంటుంది, మరుక్షణం తెగుతుంది.

డ్రాగ్‌ను చేతి అంచనాతో వదిలేయకు, చేప గట్టిగా లాగితే లైను జారనిచ్చే బ్రేకు అది. స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూడు. 8 కిలోల బరువు ఆపగల లైనుకు 2 కిలోల దగ్గర జారడం మొదలైతే సరిపోతుంది.

ఒడ్డుకు వచ్చాక డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి కడుగు. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుంది. తుడిచి ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టు, లేకపోతే వాషర్లు అణిగిపోయి లైను కుదుపులతో జారుతుంది. బేరింగులకు ఒక్క చుక్క నూనె, గేర్లకు కొంచెం గ్రీజు, అంతే.

లైను మెలిపడి ఉంగరాలు తిరుగుతుంటే ఎర, స్వివెల్ (మెలిక పడకుండా తిరిగే లంకె) అన్నీ తీసేసి, ఖాళీ లైనును నడుస్తున్న బోటు వెనక కాసేపు వదులు. మెలికలు వాటంతటవే విప్పుకుంటాయి. రాడ్ రింగుల్లో దూది తిప్పి చూడు, పోగు చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టే.

ముందు స్పూళ్ల పని చూడు. సరిచేశాక ఒక్కో రీలు నుంచి కౌంటర్ 30 చూపేదాకా నేల మీద లైను లాగి, టేపుతో కొలువు. రెండు అంకెలూ నాకు రాసి పంపు.

మీ పెదనాన్న