పాఠం ఆటలో ఉందా, ఆట పక్కన ఉందా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మా పాప రెండో తరగతి చదువుతోంది. ఆరు నెలలుగా కంప్యూటర్‌లో ఒక లెక్కల ఆట ఆడుతోంది. వందల కొద్దీ నక్షత్రాలు సంపాదించింది, చాలా లెవెల్స్ దాటింది. అవే కూడికలు నోటుపుస్తకంలో వేసి ఇస్తే మాత్రం తడబడుతోంది. లోపం పాపలో ఉందా, ఆటలో ఉందా? మరో ఆట కొనేముందు ఏం చూసుకోవాలి?
– ఒక తల్లి

జవాబు: పాపలో లోపం ఉందని అప్పుడే అనుకోకండి. ఒక సాయంత్రం పది నిమిషాలు తన పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా, తెర వైపు కాకుండా తన కళ్ల వైపూ చేతి వైపూ చూడండి. ఒకసారి నేను ఇలాగే ఏడేళ్ల బాబు పక్కన కూర్చున్నాను. తెర మీద ‘7 + 8’ అని వచ్చింది. కింద 13, 14, 15, 16 అని రాసిన నాలుగు బుడగలు ఉన్నాయి. బాబు లెక్క వైపు చూడనే లేదు. ఎడమ నుంచి మొదలుపెట్టి ఒక్కో బుడగనూ నొక్కుకుంటూ పోయాడు. మూడోదానికి గంట మోగింది, నక్షత్రం వచ్చింది, ఆ వెంటనే ఇంకో లెక్క వచ్చింది. తప్పు నొక్కినా పోయేదేమీ లేనప్పుడు వాడు ఆలోచించాల్సిన అవసరమేముంది? ఆ ఆటకు నిజంగా ఏం కావాలో వాడు చక్కగా కనిపెట్టాడు. మీ పాప కూడా ఈ ఆరు నెలల్లో కూడికలు కాకుండా ఆ ఆట నాడిని పట్టుకుని ఉండవచ్చు.

అందుకే ఏ ఆటనైనా ఎంచుకునేముందు నేను వేసుకునే మొదటి ప్రశ్న ఇది: ఇందులోంచి పాఠాన్ని తీసేస్తే ఆట మిగులుతుందా? కారు పందెం జోరుగా సాగుతుండగా మధ్యలో ఆపి, ‘నాలుగు ఆరులెంత?’ అని అడిగి, జవాబు చెప్పాక మళ్లీ కారును వదిలే ఆటలో ఎక్కం అడ్డుగేటు మాత్రమే. ఎంత త్వరగా దాటి పోదామా అన్న ధ్యాసే తప్ప పిల్లలకు దానితో పని ఉండదు. పాఠాన్ని తీసేస్తే అసలు నిలబడని ఆటలు వేరే ఉన్నాయి. 1970లలో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారి ప్లేటో కంప్యూటర్లలో భిన్నాల కోసం ‘డార్ట్స్’ అనే ఆట ఉండేది. తెర మీద ఒక సంఖ్యారేఖ, దానికి అక్కడక్కడ అంటుకున్న బెలూన్లు కనిపిస్తాయి. బెలూన్ ఎక్కడుందో అంచనా వేసి ఆ సంఖ్యను టైపు చేస్తే బాణం వెళ్లి సరిగ్గా ఆ చోటే గుచ్చుకుంటుంది. రెండుకూ మూడుకూ మధ్యనున్న బెలూన్‌కు రెండున్నర అని కొట్టిన పాప, బాణం కాస్త ఇవతలే ఆగిపోవడం చూసి, ‘అయితే రెండుముప్పావు’ అనుకుని మళ్లీ గురిపెడుతుంది. తప్పు అని చెప్పి ఊరుకోకుండా ఎంత తప్పిందో, ఏ వైపుకు తప్పిందో బాణమే చూపిస్తుంది. భిన్నం లేకపోతే అక్కడ గురి అన్నదే లేదు.

ఇది నా అభిరుచి మాత్రమే కాదు. హాబ్‌గుడ్, ఎయిన్స్‌వర్త్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన పరిశోధనలో ఒకే ఆటను రెండు విధాలుగా తయారుచేసి పిల్లల చేత ఆడించారు. మొదటి విధంలో ఎదురుగా వచ్చే అస్థిపంజరం ఛాతీ మీద ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని శేషం లేకుండా భాగించే ఆయుధంతో కొడితేనే అది కూలుతుంది. రెండో విధంలో పోరాటంలో లెక్క ఉండదు, ఆ భాగహారాలన్నీ లెవెల్ చివర క్విజ్‌గా వస్తాయి. ఇద్దరికీ ఒకే సమయం ఇచ్చినప్పుడు మొదటి విధంగా ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోమని వదిలేసినప్పుడు దాని మీదే ఏడు రెట్లు ఎక్కువసేపు గడిపారు. అస్థిపంజరాల బొమ్మలు చిన్నపిల్లలకు పెట్టడానికి నేనైతే కాస్త వెనకాడతాను గానీ, ఆ ఫలితం మాత్రం గుర్తుంచుకోదగ్గది.

మీరు చూడబోయే ఆటను ముందుగా మీరే ఆడి, కావాలనే నాలుగైదు తప్పులు చేయండి. తప్పు చేసినప్పుడు ఆట ఏం చేస్తుందో చూస్తే దాని స్వభావం బయటపడుతుంది. సమయం తరిగిపోతున్నట్టు చూపే గడియారాన్ని ఆపేసే వీలుందో లేదో కూడా చూడండి, నెమ్మదిగా లెక్క కట్టే పిల్లలు దాన్ని చూసి కంగారుపడతారు.

ప్రశ్న: మా బాబుకు ఐదేళ్లు. ఉచితంగా దొరికే ఆటల్లో మధ్యమధ్య ప్రకటనలు వస్తున్నాయి. వయసు గుర్తుగా ‘3’ అని ఉన్న ఆటైతే నిశ్చింతగా ఇవ్వవచ్చా?
– ఒక తండ్రి

జవాబు: ఐరోపాలో 2003 నుంచి వాడుకలో ఉన్న పెగీ పద్ధతిలో 3, 7, 12, 16, 18 అనే గుర్తులున్నాయి. ‘3’ ఉందంటే అందులో పసివారు చూడరానిదేమీ లేదని మాత్రమే అర్థం. ఆ ఆట మూడేళ్లవారికి అర్థమవుతుందనీ, అందులో చదువు ఉందనీ ఆ గుర్తు చెప్పదు. ప్రకటనల విషయంలో నేను రాజీపడను. ఐదేళ్లవాడికి ఆట బొత్తం ఏదో, ప్రకటన బొత్తం ఏదో తెలియదు. నిజంగా ఉచితమైనవీ ఉన్నాయి. 2000లో మొదలైన ‘జీకాంప్రి’లో రెండు నుంచి పదేళ్ల వారి కోసం వందకు పైగా కృత్యాలున్నాయి. 2002లో వచ్చిన ‘టక్స్ పెయింట్’ బొమ్మలు వేయడానికి పనికొస్తుంది. రెండింటిలోనూ ప్రకటనలు లేవు.

ప్రశ్న: ఆటలో యాభై నక్షత్రాలు వస్తే మా మనవడికి చిన్న బహుమతి ఇస్తున్నాం. ఇది మంచిదేనా?
– ఒక అమ్మమ్మ

జవాబు: బాబుకు ఆ ఆట ముందే ఇష్టమైతే ఆపేయడమే మేలండీ. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ పరిశోధకులు బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పసిపిల్లల్ని గమనించారు. గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి ఇచ్చిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో మిగతావారితో పోలిస్తే సుమారు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినప్పుడు ఆ నష్టం కనబడలేదు. నక్షత్రాలు లెక్కపెట్టే బదులు, ‘ఇది ఎలా చేశావో నాకు నేర్పవూ?’ అని అడిగి చూడండి.

ప్రశ్న: మా బడిలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి ఒక గంట కంప్యూటర్ ల్యాబ్ ఉంది. ఇద్దరికి ఒక కంప్యూటర్. రెడీమేడ్ ఆటలు పెట్టాలా, ఆటలు తయారుచేయడం నేర్పాలా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: ఆ వయసుకు రెండోదే నేర్పండి. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన ‘స్క్రాచ్’ అనే ప్రోగ్రామింగ్ భాష ఎనిమిదేళ్లు దాటినవారి కోసం తయారైంది, ఉచితంగా దొరుకుతుంది. ఇంకా చిన్నవారికైతే చదవడం రాకపోయినా పనికొచ్చే ‘స్క్రాచ్ జూనియర్’ ఉంది. వీటి వెనకున్న ఆలోచన 1967 నాటి ‘లోగో’ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషది. ‘ఇంత ముందుకు, ఇంత పక్కకు తిరుగు’ అని చెబితే అందులో తెర మీది తాబేలు నడుస్తూ గీత గీస్తుంది. ఇద్దరికి ఒక కంప్యూటర్ ఉండటం మీకు కలిసొచ్చే విషయమే. ఒకరు చెప్పాలి, ఇంకొకరు మౌస్ పట్టుకోవాలి, పది నిమిషాలకోసారి మారాలి. చెప్పేవారు తమ ఆలోచనను మాటల్లో పెట్టక తప్పదు కదా. చతురస్రం గీయబోతే గీతలు కలవకుండా వంకరపోయినప్పుడు మీరు సరిచేయకండి. ఇద్దరినీ లేపి, గది మధ్యలో ఒకరిని తాబేలుగా నిలబెట్టి, రెండోవారు చెప్పినట్టే అడుగులు వేయించండి. మూల దగ్గర ఎంత తిరగాలో ఆ తాబేలు కాళ్లకే తెలిసిపోతుంది.