పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరిస్తానన్న మేనకోడలికి

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని అడిగావు. ఇలా అడిగేవాళ్లు అరుదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను. రేడియోలు, కెమెరాలు, గడియారాలు అపురూపంగా దాచుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. ఇల్లు శుభ్రం చేసిన యంత్రం మాత్రం ఆగిపోగానే తుక్కులోకి పోతుంది. నువ్వు ఒక్కదాన్ని కాపాడినా నాకు సంతోషమే.

నా లెక్కలో ఈ యంత్రాలు నడవాలి. నడిస్తేనే దాని గొంతేమిటో తెలుస్తుంది. ఒకటి సన్నగా కూస్తుంది, ఒకటి బరువుగా మూలుగుతుంది. ఆ శబ్దం కూడా సేకరణలో భాగమే. అయితే నడిపి చూడాలని తొందరపడకూడదు. నేను రాసేదాంట్లో ఎక్కువ భాగం ఆ తొందరను ఆపడానికే.

దొరికినదల్లా కొనకు. ఇవి స్టాంపులు కావు, ఒక్కొక్కటి ఒక్కో మూలను ఆక్రమిస్తుంది. ఒక కంపెనీయో, ఒక దశాబ్దమో, ఒక రకమో ఎంచుకో. ఎంచుకోవాలంటే వీటి కథ కొంచెం తెలియాలి. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు దుమ్మును ఊదేయకుండా లోపలికి పీల్చే యంత్రం చేశాడు. దాన్ని గుర్రపు బండి మీద తెచ్చి వీధిలో నిలబెట్టి, కిటికీల్లోంచి గొట్టాలు లోపలికి పంపేవారు. ఇంట్లో పట్టే యంత్రం అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టింది. అక్కడ ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే జేమ్స్ మరే స్పాంగ్లర్‌కి ఉబ్బసం. చీపురు దుమ్ము పడక ఫ్యాను మోటారు, చెక్క పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఒక యంత్రం తయారుచేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు సామాను వ్యాపారం చేసే విలియం హూవర్ ఆ హక్కులు కొన్నాడు. అలా హూవర్ కంపెనీ మొదలైంది. ఊపిరాడని ఒక మనిషి తన కోసం చేసుకున్న వస్తువు ప్రపంచమంతా వ్యాపించడం నాకు ఎప్పుడు తలుచుకున్నా గొప్పగా ఉంటుంది.

నిలబెట్టి తోసేది ఒక వంశం. రెండోది నేల మీద పడుకుని గొట్టంతో పీల్చేది. 1921లో ఎలక్ట్రోలక్స్ కంపెనీ తెచ్చిన మోడల్ వి దీనికి దారి చూపింది. 1936లో హెన్రీ డ్రేఫస్ అనే డిజైనర్ హూవర్ 150 మోడల్‌కి బేకలైట్ అనే తొలినాటి గట్టి ప్లాస్టిక్ తొడుగుతో కొత్త రూపం ఇచ్చాడు. ఆ మరుసటి ఏడు లురెల్ గిల్డ్ అనే మరో డిజైనర్ ఎలక్ట్రోలక్స్‌కి రైలింజన్‌లా నున్నగా సాగిన ఆకారం గీశాడు. 1950ల్లో గుండ్రటి గోళంలాంటి హూవర్ కాన్‌స్టెలేషన్ వచ్చింది. దాని తర్వాతి మోడళ్లు తాము వదిలిన గాలి మీదే తేలుతూ కదిలేవి. అవన్నీ ముచ్చటైనవే గానీ, మొదటిది మాత్రం 1950, 60ల నాటి మామూలు మోడల్ కొనుక్కో. ఎక్కువగా అమ్ముడైనవి కాబట్టి విడిభాగాలు దొరుకుతాయి, విప్పి నేర్చుకోవడానికి భయం ఉండదు. అరుదైన వాటి మీద చెయ్యి తిరగని దశలో పని మొదలుపెట్టకూడదు.

కొనేటప్పుడు పెయింటు కంటే ముందు నేమ్ ప్లేట్ చూడు. ప్లేటు లేని యంత్రానికి వయసు చెప్పడం కష్టం. తర్వాత ఫ్యాను. నిలువు రకాల్లో చాలావాటిలో దుమ్ము సంచిలోకి వెళ్లే ముందు ఫ్యాను గుండానే పోతుంది. ఏ నాణెమో రాయో తగిలి రెక్క విరిగి ఉంటే ఫ్యాను బరువు ఒకవైపుకి పోయి యంత్రం వణుకుతుంది, ఆ వణుకుతో బేరింగులు అరిగిపోతాయి. చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత అటాచ్‌మెంట్లు. పడుకునే రకాలకు బ్రష్షులతో పాటు పెయింటు కొట్టే స్ప్రేయర్ కూడా వచ్చేది, ఎందుకంటే గొట్టం వెనకవైపు తగిలిస్తే గాలి ఊదుతుంది. పెట్టె, మాన్యువల్, గ్యారంటీ కార్డు ఉంటే ఇంకొంచెం ఎక్కువ ఇచ్చినా పరవాలేదు. యంత్రం మళ్లీ దొరుకుతుందేమో గానీ దాని కాగితాలు దొరకవు.

ఇంటికి తెచ్చాక ప్లగ్గులో పెట్టొద్దు. అమ్మినవాళ్లు "నిన్ననే నడిపాం" అన్నా సరే పెట్టొద్దు. ఆ కాలం వైర్ల మీద ఉండే రబ్బరు ఎండి పెళుసైపోతుంది. బయట బాగానే కనిపిస్తుంది, లోపల స్విచ్చు దగ్గర, పిడి మలుపు దగ్గర పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. చాలావాటికి ఒళ్లంతా లోహం, వైరులో రెండే తీగలు, ఎర్త్ ఉండదు. లోపల తీగ బాడీకి తగిలిందంటే పిడి పట్టుకున్న చేతికి కరెంటు వచ్చేస్తుంది.

ముందు మాస్కు పెట్టుకుని ఆరుబయట సంచి విప్పు. దశాబ్దాల దుమ్ము, బూజు అందులో ఉంటాయి. తర్వాత వైరు మొత్తం చూడు. మల్టీమీటరుతో ప్లగ్గు పిన్నుకీ బాడీకీ మధ్య కొలిస్తే నేరుగా తగులుతోందో లేదో తెలుస్తుంది గానీ, అది చాలదు. ఎలక్ట్రీషియన్ చేత మెగ్గర్‌తో, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరుతో, తీగల మీది ఇన్సులేషన్ చూపించు. అది బాగుందన్నాకే సీరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు ముందు బల్బు గుండా పోయి తర్వాత మోటారుకి చేరేలా కలిపి, మొదటిసారి కరెంటు ఇవ్వాలి. లోపల షార్ట్ ఉన్నా బల్బు వెలుగుతుందే తప్ప మోటారు కాలదు. మరీ చిన్న బల్బు పెడితే మంచి మోటారు కూడా కదలదు, అది చూసి పాడైపోయిందనుకోకు. 200 వాట్ల పాతరకం ఫిలమెంటు బల్బు పనికొస్తుంది. ఆ పరీక్ష జరిగేటప్పుడు బాడీని ముట్టుకోవద్దు. షాక్ కొడితే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న లైనులోనే ఇదంతా చెయ్యాలి.

వోల్టేజీ సంగతి మరిచిపోకు. అమెరికా యంత్రాలు 110–120 వోల్టులవి. 220–240 వోల్టుల లైనుకి నేరుగా కలిపితే నిమిషాల్లో పాడవుతాయి. మోటారు వాటేజీకి మించిన సామర్థ్యం ఉన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 50, 60 హెర్ట్‌జ్ తేడాకి కంగారు పడనక్కర్లేదు. వీటిలో ఉండేవి యూనివర్సల్ మోటార్లు, ఏసీ మీదే కాక డీసీ మీద కూడా తిరుగుతాయి.

మోటారు తిరిగాక కార్బన్లు, అంటే తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్ ముక్కలు, ఉన్నచోట చూడు. సన్నటి నీలం నిప్పురవ్వలు మామూలే. కార్బన్లు ఆనే రాగి పట్టీల గుండ్రటి భాగాన్ని కమ్యూటేటర్ అంటారు, దాని చుట్టూ నిప్పు చక్రంలా కనిపిస్తే వెంటనే ఆపెయ్. కార్బన్లు అరిగి ఉండొచ్చు, వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) పోయి ఉండొచ్చు. కమ్యూటేటర్ మీద గోధుమరంగు పొర చూసి మురికి అనుకుని గీకెయ్యకు, అది ఉండాల్సిందే. తప్పనిసరై రుద్దాల్సివస్తే సన్నటి గ్లాస్‌పేపర్ వాడు, ఎమెరీ కాగితం వద్దు. ఎమెరీ పొడి కరెంటును ప్రవహింపజేస్తుంది, ఆ రాగి పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్టే.

రీపెయింటు, కొత్త క్రోమ్ పూత విషయంలో నాది గట్టి అభిప్రాయం: చెయ్యకు. పిడి మీద చెయ్యి ఆడి అరిగిన చోటు, బంపరుకి కుర్చీకాళ్లు తగిలిన గీతలు, అవన్నీ ఆ ఇంట్లో అది చేసిన పని. తుడువు, మెరుగుపెట్టు, అక్కడితో ఆగు. వైరు విషయం మాత్రం వేరు. పెళుసైన వైరును "ఒరిజినల్" అని ఉంచుకోవడం మొండితనం. కొత్తది వేయించి, పాతదాన్ని చీటీ కట్టి అట్టపెట్టెలో దాచు.

బేకలైట్‌ని నీళ్లలో నానబెట్టకు, ఎండలో ఉంచకు, రంగు మారి వెలిసిపోతుంది. గుడ్డ సంచి మీద కంపెనీ పేరు అచ్చు ఉంటే ఉతకొద్దు, ఇంకో వాక్యూమ్‌తో దుమ్ము లాగెయ్. పక్కన పెట్టేటప్పుడు నిలువు రకాల్లో బ్రష్షును తిప్పే రబ్బరు బెల్టు తీసెయ్, లేకపోతే సాగిపోతుంది. గొట్టాన్ని బిగించి చుట్టకు. రెండు మూడు నెలలకోసారి కొద్ది నిమిషాలు నడుపు.

అమ్మినవాళ్లను అడగాల్సింది ఒకటుంది: ఇది ఎవరిది, ఎవరు వాడారు? చాలామంది ఇష్టంగా చెబుతారు. ఎన్నో యంత్రాలు ఇంటింటికీ తిరిగిన సేల్స్‌మన్లు ముందుగదిలో తివాచీ మీద నడిపి చూపించి అమ్మినవి. ఆ రోజును గుర్తుపెట్టుకున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. విన్నది విన్నట్టు రాసి, తేదీ వేసి, యంత్రంతోనే ఉంచు.

విడిభాగాల కోసమని పాడైనవి కొనడం ఒక స్థాయిలో అవసరమే. కానీ ఇల్లు నిండేది వాటితోనే. నీతో ఉండేవాళ్లను ముందే అడిగి ఎంత చోటు ఇస్తారో మాట్లాడుకో, దాన్ని దాటకు.

మొదటిది దొరకగానే నేమ్ ప్లేట్ ఫోటో, వైరు లోపలికి పోయే చోటు ఫోటో, కార్బన్ల ఫోటో పంపించు. అవి చూసి నేను ఫోన్ చేసేదాకా ప్లగ్గు పెట్టకు.

మీ మామయ్య