సబ్‌ట్రాక్షన్ కటింగ్‌లో డ్రెస్సు కుడతానన్న పాపకు

ఏమ్మే పాపా,

కాలేజీ ప్రాజెక్టుకు సబ్‌ట్రాక్షన్ కటింగ్‌లో డ్రెస్సు కుడతానని, దానికోసం శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ కూడా కొనేశానని మెసేజ్ పెట్టావు. కుట్టు, నేను వద్దనను. కానీ ముందు ఆ గుడ్డ తీసి బీరువాలో పెట్టు.

జూలియన్ రాబర్ట్స్ అనే బ్రిటిష్ డిజైనర్ నేర్పిన ఈ పద్ధతి మన కటింగ్‌కు పూర్తిగా తలకిందులు. మనం ఒంటి కొలతకు ముక్కలు కోసి కలుపుతాం. అక్కడ గుడ్డంతా ఒక పెద్ద గొట్టంగా కుట్టుకొని, అందులో రంధ్రాలు కోసి, ఒక రంధ్రం అంచును ఇంకో రంధ్రం అంచుకు కలిపి కుడతారు. మధ్యలో ఉన్న గుడ్డ లోపలికి లాక్కుపోయి మడతలు పడుతుంది, అవి ఎటు పడతాయో వేసుకుని చూసేదాకా సరిగ్గా తెలియదు. ఆ సరదా కోసమే కదా నువ్వు దీన్ని పట్టుకున్నావు! అట్లని అంతా గాలికి వదిలేయకు. మెడ, భుజం, చంక రౌండ్, ఛాతీ మాత్రం నీకు బాగా కుదిరిన జాకెట్ కొలతలతోనే వేసుకో. పైన ఒంటికి పట్టుకుంటేనే కింద ఎంత వింతగా వేలాడినా డ్రెస్సు అనిపించుకుంటుంది, లేదంటే దుప్పటి కప్పుకున్నట్టే ఉంటుంది.

ఇక రంధ్రాలు. ఒంటిని వాటిలోంచి దించాలంటే చుట్టుకొలత నీ సీటు కొలత, అంటే పిరుదుల చుట్టుకొలత కంటే ఎక్కువ ఉండాలి. సీటు 40 ఇంచీలు అయితే రంధ్రం 44 పెట్టుకో, దాన్ని 6.28తో భాగిస్తే 7 వస్తుంది, అదే కేంద్రం నుంచి అంచుకు దూరం. అందరూ దెబ్బతినేది ఇక్కడే: మామూలు ముక్కకు కుట్టు మార్జిన్‌ను గీతకు బయట వదులుతాం, రంధ్రానికి గీతకు లోపల వదలాలి. అంటే 7 దగ్గర కుట్టు గీత, 6.5 దగ్గర కత్తెర. రెండు రంధ్రాల ఆకారం ఒకటే కానక్కర్లేదు, ఒకటి గుండ్రంగా, ఇంకోటి కోలగా ఉన్నా పర్వాలేదు, కుట్టు గీతల పొడవు మాత్రం సమానంగా ఉండాలి. ఒక్కో రంధ్రాన్ని నాలుగు భాగాలుగా గుర్తు పెట్టుకుని ఆ గుర్తులు కలుపుతూ పిన్నులు గుచ్చు. గుండ్రంగా కోసినప్పుడు కొంత భాగం క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా పడుతుంది, అది సాగుతుంది. అందుకే రంధ్రం కోయగానే అంచు చుట్టూ ఒక వరస కుట్టు వేసేయ్. కోసి తీసిన ముక్కలు పారేయకు, సగానికి కోస్తే చేతులకు ఫ్రిల్లు వస్తుంది.

ముందు సగం సైజులో ఒకటి చెయ్, 7కు బదులు 3.5. మీ తాతయ్య పాత పంచె చాలు. క్రాస్ కటింగ్‌తో 1920ల్లో పేరు తెచ్చుకున్న ఫ్రెంచి ఆవిడ మాడ్లెన్ వియోనే కూడా చిన్న చెక్కబొమ్మ మీదే గుడ్డ వేసి చూసుకునేది. నీకేం నామోషీ!

తర్వాత ఫుల్ సైజుకు నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల పల్చటి కాటన్ తీసుకో, తడిపి ఆరేసి ఇస్త్రీ చేసి కొయ్యి. పాలిస్టర్ వద్దు, మన తిరుపతి ఎండలో రెండు మూడు పొరలు వేసుకుంటే ఉడికిపోతావు. మీటర్ల గుడ్డ బరువంతా భుజాల మీదే వేలాడుతుంది కాబట్టి భుజం కుట్టులో సన్నటి టేపు పెట్టి కుట్టు.

కలంకారీ వాడే తీరాలంటే తీగలు, పూలు ఉన్న గుడ్డకు మార్చుకో. దేవుళ్ల బొమ్మలున్న గుడ్డలో రంధ్రం ఎవరి ముఖం మీద పడుతుందో, ఏ బొమ్మ తలకిందులై సీటు మీదకొస్తుందో చెప్పలేం, మీ జేజి చూసిందంటే నన్నే తిడుతుంది.

కింద అంచు ఆఖరికి మడువు. ఒక రాత్రంతా హ్యాంగర్‌కు వేలాడనిస్తే క్రాస్ పడిన చోటల్లా గుడ్డ కిందికి దిగుతుంది. తెల్లారి వేసుకొని నిలబడు, నేల నుంచి స్కేలు పెట్టి చుట్టూ చాక్‌తో గుర్తులు వేయమని మీ అమ్మకు చెప్పు. అంచుల పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్‌కు ఆదివారం మా ఇంటికి తీసుకురా, మిషను ఖాళీగానే ఉంటుంది.

మీ పెద్దమ్మ