సహజవాయువులో మీథేన్ పోగా మిగిలినవి వృథానా?

"సహజవాయువు అంటే మీథేనే కదా, మిగతావి మలినాలుగా తీసి పారేస్తారా?" అని అడిగారు. పారేయరండీ, చాలాసార్లు అసలు లాభం వాటిలోనే ఉంటుంది.

ఎక్కువ భాగం మీథేనే, నిజమే. ఇంధనంగా మండించడమే కాదు, దాన్ని నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్ తీస్తారు. ఆ హైడ్రోజన్‌కు గాలిలోని నైట్రోజన్ కలిస్తే అమ్మోనియా, దాన్నుంచి యూరియా.

నాకు బాగా ఆసక్తి కలిగించేది ఈథేన్. ఆవిరితో కలిపి సుమారు 850 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలిమి గొట్టాల్లోంచి పంపితే, సెకను లోపే రెండు హైడ్రోజన్ పరమాణువులు ఊడిపోయి ఇథిలీన్ అవుతుంది. పాలిథీన్ సంచులకు మూలం అదే.

ప్రొపేన్, బ్యూటేన్ కాస్త ఒత్తిడికే ద్రవమవుతాయి కాబట్టి ఎల్పీజీగా సిలిండర్లలో నింపుతారు. మీథేన్‌ను మామూలు ఒత్తిడిలో ద్రవంగా మార్చాలంటే మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరచాలి.

విషవాయువైన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తప్పకుండా తీసేయాలి. దాన్నుంచి వచ్చే గంధకం కూడా సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీకి పోతుంది. ఇక హీలియం కొన్ని క్షేత్రాల్లోనే చెప్పుకోదగ్గంత దొరుకుతుంది. ఆసుపత్రుల్లో ఎమ్మారై అయస్కాంతాలను చల్లబరిచేది అదే.